కట్టప్ప ఎందుకు బానిస?

సూర్యాపేట దిక్కు ఒక ఊరికి మొన్న పెండ్లికి పోయినం. ఊరి పేరు రాయం, మనుషుల పేర్లు రాయం. పందిట్ల భోజనాలు నడుస్తున్నయ్. ఒకప్పటి దొర మనుమడు కారు దిగిండు. కారు నడిపేది మన వాడ పిల్లగాడే, ఇంటర్ దాక చదివిండు. దొర మనుమడు ఆ పిల్లగాని భుజం మీద చెయ్యేసి, పక్కనున్నోళ్లతోని నవ్వుకుంట అన్నడు: "వీడు మా కట్టప్ప. పాణమన్న ఇస్తడు గాని మాట జవదాటడు." పక్కనున్నోళ్లు నవ్విండ్రు. పిల్లగాడు గూడ నవ్విండు. వాని ఛాతి ఇంత పొంగింది.

ఆ పిల్లగాని తాత అదే గడిల జీతం ఉండె. తాతను "మా జీతగాడు" అన్నరు. తండ్రిని "మా మనిషి" అన్నరు. మనుమణ్ని "మా కట్టప్ప" అంటున్నరు. మూడు తరాలకు మూడు పేర్లు వచ్చినయ్. ముందున్న "మా" మాత్రం మారలే. తాతకు ఆ మాట ఇంటే కడుపు మండేది. మనుమనికి సంబురమైంది. మమ్ముల నిద్ర పోనియ్యంది ఆ సంబురమే. ఈ రాత అందుకే.

మేం సినిమాకు శత్రువులం కాదు. 2015 జూలైల బాహుబలి మొదటి భాగం వచ్చిన్నాడు మేం గూడ టికెట్ల లైన్ల నిలబడ్డోళ్లమే. ఆ జలపాతం చూసి నోరు తెరిచినోళ్లమే. ఈలలు గూడ ఏసినం, అబద్ధమెందుకు? మాహిష్మతి రాజ్యం ఎక్కడో సముద్రాల అవతల లేదు. దాని కోటల సెట్టు మన నల్లగొండ బస్సు పట్నం పోయే తోవ పొంటి, రామోజీ ఫిల్మ్ సిటీలనే ఏసిండ్రు. బస్సు కిటికీల నుంచి మన పిల్లలు అటు దిక్కు తిరిగి చూస్తనే ఉంటరు.

మొదటి భాగం ఆఖర్ల కట్టప్ప, బాహుబలిని చంపింది తానే అని చెప్తడు. అక్కడ బొమ్మ ఆపేసిండ్రు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాక దాదాపు రెండేండ్లు దేశమంత ఒక్కటే ముచ్చట: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపిండు? చాయ్ హోటళ్ల అదే, బస్సుల అదే, బడి పిల్లల నోట్ల అదే. అసలు కట్టప్ప ఎందుకు బానిస అని అడిగినోళ్లు ఎంతమంది? మా వాడల ఒక్కరు అడగలే. సభలల్ల మైకు పట్టుకొని మాట్లాడే మేం గూడ ఆనాడు అడగలే. తప్పు ముందు మా మీదనే ఏసుకుంటున్నం.

సినిమా ఇచ్చిన జవాబు ఏంది? కట్టప్ప పూర్వీకులు సింహాసనానికి మాట ఇచ్చిండ్రు. తరతరాలు ఆ గద్దె మీద ఎవడు కూసుంటే వానికి దాస్యం చేస్తమని. అంతే! తాతల నాటి మాట మనుమని మెడల గొలుసైంది. అస్లంఖాన్ అనే ఆయుధాల వ్యాపారి వచ్చి, నీకు విడుదల ఇప్పిస్త అంటడు. కట్టప్ప వద్దంటడు. హాలు మొత్తం చప్పట్లు కొడ్తది. ఆఖరికి శివుణ్ని గుర్తుపట్టిన్నాడు, వాని పాదం తీసి తన నెత్తి మీద పెట్టుకుంటడు. హాలు మల్ల చప్పట్లు కొడ్తది. అందరికంటె గొప్ప కత్తి యోధుడు, ఏ రాజు చేతుల లేనంత బలం వాని చేతుల ఉన్నది. వాని తలకాయ మాత్రం ఇంకొకని కాలి కింద ఉంటేనే మనకు కండ్లల్ల నీళ్లు తిరిగేటట్టు ఆ సినిమా తీసిండ్రు.

అన్నలారా, అక్కలారా! ఈ కథ మనకు కొత్తనా? నల్లగొండల, పాలమూరుల జీతం ఎట్ల నడిచింది? తాత పెండ్లికి తెచ్చిన అప్పుకు తండ్రి జీతం ఉన్నడు. తండ్రి చావుకు తెచ్చిన అప్పుకు కొడుకు జీతం ఉన్నడు. దొర చెప్పుల నుంచి మోటబొక్కెన దాక తోలు పని మాదిగలు పుక్యానికి చెయ్యాలె. కబురు మోసేది, మూటలు మోసేది, దప్పు కొట్టి చాటేది వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నేరమన్నది. 1976ల వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి, ఆ అప్పులు చెల్లవన్నది, తాత బాకీకి మనుమడు బానిస కాడన్నది. చట్టం నేరమన్నదాన్ని 2015ల తెర మీద ధర్మమని చూపెట్టిండ్రు. మనం టికెట్ కొనుక్కొని ఒప్పుకున్నం.

"బాహుబలి కట్టప్పను మామా అని పిలుస్తడు గద, ప్రేమ లేదా?" అని మా పిల్లలే అడిగిండ్రు. ఉన్నది బిడ్డా, ప్రేమ ఉన్నది. పని పడ్డనాడు వరస కలిపి పిలిచిన దొరలను మన తాతలు గూడ చూసిండ్రు. వరస కలిపిండ్రు గాని మంచం మీద కూసోబెట్టలే. పిలుపుల తీపి ఉంటే సంకెల తెగదు.

"అది కల్పిత కథ, జానపదం లాంటిది. దానికి చరిత్ర లెక్క అడుగుడేంది?" అని ఇంకో మాట. మంచిగ అడిగిండ్రు. మేం అడిగేది గూడ గదే. కల్పిత కథకు చరిత్ర పగ్గం లేదు. ఆకాశమంత జలపాతం కావాలంటే పెట్టుకోవచ్చు. తాటిచెట్లు వంచి, మనుషుల్ని ఆ చెట్లతోని కోటల మీదికి ఇసిరేయొచ్చు. పుట్టని భాషను కాలకేయుల కోసం పుట్టించిండ్రు. వాళ్లకు నల్లరంగు పూసి రాక్షసులను చేసిండ్రు, ఆ రంగు ఎవరిదో మనకు తెల్వదా? ఇన్ని ఊహించినోళ్లు ఒక బానిస విడుదలను ఊహించలేకపోయిండ్రు. ఏ చట్టమూ, ఏ కాలమూ అడ్డం లేని కథల గూడ మన విడుదలకు జాగ దొరకలేదంటే, అడ్డం ఉన్నది కథల కాదు, కథ చెప్పేటోని మనసుల.

ఇంకో విచిత్రం ఇనుండ్రి. సినిమా నడిచినంక దాని ముందు కథను ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషుల నవలగ రాసిండు. 2017ల వచ్చింది. అండ్ల కట్టప్పకు శివప్ప అని ఒక తమ్ముడున్నడు. వానికి బానిసత్వమంటే మంట. పుస్తకంల దొరికిన ఆ తమ్మునికి తెర మీద జాగ లేదు. తెరకు విధేయుడైన అన్న ఒక్కడు చాలు.

మొదటి భాగంలనే విగ్రహం లేపే సీను యాదికి తెచ్చుకోండ్రి. భల్లాలదేవుని పెద్ద విగ్రహాన్ని వందల మంది తాళ్లతోని గుంజుతరు. ఒక ముసలాయన కూలవడ్తడు, తాడు జారుతది, విగ్రహం ఒరుగుతది. అప్పుడు శివుడు వచ్చి తాడు పడ్తడు. జనమంత దండం పెడ్తరు. పాలమూరోళ్లను అడుగుండ్రి, రాయి ఎట్ల లేస్తదో. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ రాతి కట్టడం. ఆ రాళ్లు మోసినోళ్లల్ల పాలమూరు లేబర్ ఉన్నరు. దేశంల ఏ కాలువ తవ్వినా, ఏ కట్ట పోసినా మేస్త్రీల ఎనక గుంపులు గుంపులుగ పోయింది వాళ్లే. అక్కడ ఏ రాకుమారుడూ వచ్చి తాడు పట్టలే. ఒకని చెయ్యి జారితే పక్కోని చెయ్యి పట్టింది. లేచిన ప్రతి రాయి గుంపు బలంతోనే లేచింది. సినిమా ఆ గుంపు బలాన్ని తీసి ఒక్క రాజు చేతుల పెట్టింది. మనం మన బలాన్నే చూసి, వేరేటోనికి దండం పెట్టి ఇంటికొచ్చినం.

మరి వేరే తీరుగ తియ్యొచ్చా? తియ్యొచ్చు, తీసిండ్రు గూడ. మన గడ్డ మీది కథనే. కృష్ణచందర్ అని బొంబాయిల ఉన్న ఉర్దూ రచయిత, తెలంగాణ సాయుధ పోరాటం మీద "జబ్ ఖేత్ జాగే" అని నవల రాసిండు. రాఘవరావు అనే యువకుడు, తెల్లారితే ఉరి. జైలు గదిల కూసొని తన బతుకును తలపోసుకుంటడు. ఆ నవలను పట్టుకొని 1979ల "మా భూమి" సినిమా వచ్చింది. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ తీయించిండ్రు. బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ దర్శకుడు. రాఘవరావు సినిమాల రామయ్య అయిండు.

ఆ రామయ్యను చూడుండ్రి. గడి వెట్టిల పుట్టినోడు. తాను ప్రేమించిన పిల్లను దొర చెరబట్టిన్నాడు ఊరిడిచి పట్నం పోతడు. రిక్షా తొక్కుతడు. మక్బూల్ అనే కార్మికుడు వానికి అక్షరం నేర్పుతడు, సంఘం నేర్పుతడు. నేర్చుకున్నోడు మల్ల ఊరికే వస్తడు. 1948 సెప్టెంబరుల మిలిట్రీ వచ్చి నిజాం రాజ్యం పడిపోతే, పారిపోయిన దొర ఖద్దరు ఏసుకొని తిరిగి గడిల దిగుతడు. రామయ్య చచ్చిపోతడు. గెలుపు లేదు. అయినా ఆ సినిమా చూసి లేచినోడు ఎవ్వని కాలు తన నెత్తిన పెట్టుకోడు. చరిత్ర పగ్గం మెడల ఉన్న కథ స్వేచ్ఛను ఊహించింది. ఏ పగ్గమూ లేని కథ బానిసత్వాన్ని ముద్దు చేసింది. గీ తేడానే మేం చెప్పదల్చుకున్నది.

అట్లని "మా భూమి"ని మేం నెత్తిన పెట్టుకొని ఊరేగం. మనదన్నదాన్ని గూడ గట్టిగనే అడగాలె. రామయ్య ఊరు కొడుకా, వాడ కొడుకా? సినిమాకు ఆ ప్రశ్న ముఖ్యం కాలే. పేదోడు అన్నరు, కూలీ అన్నరు, రైతు అన్నరు. దొర ముందు చెప్పులు ఇడిచినోడు అందరోలె ఒక్కటే అన్నరు. చెప్పులు కుట్టినోని సంగతి? బాయి మీద నీళ్లు ముట్టనియ్యనోడు దొర ఒక్కడేనా, పక్క రైతు గాడా? భూమి పంచిన్నాడు వాడకు ఎంత వచ్చింది, ఎసొంటి చెలక వచ్చింది? ఈ ప్రశ్నలు నవలల లోతుగ లేవు, సినిమాల లేవు. అయితే ఆ సినిమాల "బండెనక బండి కట్టి" పాట బండి యాదగిరి కట్టింది. తెర మీద గొంగడేసుకొని పాడింది మన వాడ బిడ్డ గద్దర్. 2023 ఆగస్టు 6న ఆయన పోయిన్నాడు ఊరూరా మల్ల ఆ పాటనే ఇనపడ్డది. కథల మన కులం పేరు లేకపోయినా గొంతు మాత్రం మనది ఉండె. గొంతు మనది అయినంక కథ గూడ మనది కావాలె గద!

చరిత్రల మన పేరు ఎట్ల జారిపోతదో ఒక్క ముచ్చట చెప్తం. 1952 ఎన్నికలల్ల నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని గెలిచిండని బడి పిల్లగాడు గూడ చెప్తడు. నిజమే, గొప్ప సంగతే. ఆనాడు నల్లగొండ పార్లమెంటుకు ఇద్దరు మెంబర్ల నియోజకవర్గం. రెండో సీటు ఎస్సీలది. అదే పీడీఎఫ్ జెండా మీద ఆ సీటు గెలిచిన మన మనిషి పేరు సుంకం అచ్చాలు. నల్లగొండ గడియారం సెంటర్ల నిలబడి పది మందిని అడుగుండ్రి, సుంకం అచ్చాలు ఎవరని. ఇద్దరు కలిసి గెలిచిండ్రు, ఒక్కరు చరిత్రల మిగిలిండ్రు. పోరాటం మీద నవలలు వచ్చినయ్, సినిమాలు వచ్చినయ్. అచ్చాలు మీద ఒక్క నవల వస్తే ఆ పదిమందిల ముగ్గురన్న జవాబు చెప్పకపోదురా?

ఇగ పాలమూరు దిక్కు పోదాం. 2009 సంక్రాంతి అయినంక "అరుంధతి" వచ్చింది. కోడి రామకృష్ణ తీసిండు. కథ గద్వాల సంస్థానంల జరుగుతది. పేరు గద్వాలది, తెర మీద కనపడే బంగళా అప్పటి కర్నూలు జిల్లా బనగానపల్లెది. పర్వాలే, సినిమా అన్నంక గట్లనే ఉంటది. మా లొల్లి వేరే. అరుంధతి ఎవరు? వశిష్ఠుని భార్య అరుంధతి మాదిగ బిడ్డ అని మన పెద్దలు చెప్పుకున్నరు. అందుకే మాదిగలు తమను తాము అరుంధతీయులని పిలుచుకున్నరు. పెండ్లిల పంతులు ఆకాశం దిక్కు చెయ్యి చూపి దండం పెట్టించే చుక్క మన ఆడబిడ్డ చుక్క. సినిమా ఆ పేరును తీసుకపోయి రాజు బిడ్డకు పెట్టింది.

కథల పశుపతి అని ఒక దుర్మార్గుడు. వాడు బయటోడు కాదు, ఆ ఇంటి అల్లుడే. ఊర్ల ఆడోళ్ల మీద పడ్తడు, కండ్లు లేని నాట్యం పంతులమ్మను చంపుతడు. చిన్న దొరసాని జేజెమ్మ వానికి బుద్ధి చెప్తది, చచ్చిపోయి మల్ల పుట్టి గూడ చెప్తది. ఆ బొమ్మ చూసి మన ఆడబిడ్డలు ధైర్యం తెచ్చుకున్నరు, ఆ మాట కాదనం. జేజెమ్మ డప్పుల మీద ఆడుకుంట వానితోని తలపడే సీనుకు మేం గూడ కండ్లార్పలే. గాని ఆలోచించుండ్రి. అదే గడ్డ మీద, నారాయణపేట, మక్తల్ దిక్కు మాల మాదిగ ఆడపిల్లలను ఎల్లమ్మ పేరు మీద జోగినీలను చేసిండ్రు. జాతరల ఆడించిండ్రు, పెద్దమనుషులు తమ సొత్తు అనుకున్నరు. 1988ల చట్టం వచ్చింది. చట్టం వచ్చినంక గూడ పాత జోగినీలే ఊరూరా తిరిగి, కొత్త పిల్ల మెడల తాళి పడకుండ అడ్డం పడ్డరు. వాళ్లకు మంత్రాలు లేవు, పునర్జన్మ లేదు. ఉన్న ఒక్క జన్మలనే కొట్లాడిండ్రు. సినిమాకు చచ్చినోళ్లను లేపుడు చేతనైంది. బతికున్న జోగిని తిరగబడుడు ఊహించుడు చేతగాలే. ఆడోళ్లను కాపాడాలంటే కోటల పుట్టిన బిడ్డే రావాలన్నది.

2022 మార్చిల వచ్చిన "ఆర్ఆర్ఆర్" సంగతి రెండు ముక్కల్ల చెప్తం. కొమురం భీం 1940ల జోడేఘాట్ల నిజాం తుపాకులకు ఒరిగిన గోండు వీరుడు. ఆయన మీద సాహు, అల్లం రాజయ్య 1983ల నవల రాసిండ్రు. ఇల్లిడిచి పోయిన్నాడు చాందాల అచ్చు ప్రెస్సుల పని చేసుకుంట అక్షరాలు నేర్చుకున్నడని ఆయన కథ చెప్పేటోళ్లు చెప్తరు. సినిమాల భీం పులులను తెల్లదొర బంగళ మీదికి ఉసికొల్పుతడు. అంత బలం ఇచ్చిండ్రు. ఆఖర్ల ఏం కావాలె తమ్ముడూ అని రాముడు అడిగితే, చదువు చెప్పు అని అడుగుతడు. జల్ జంగల్ జమీన్ అనే మాట గూడ రాముని చేతి రాతతోనే జెండా మీదికి ఎక్కుతది. మక్బూల్ దగ్గర రామయ్య అక్షరం నేర్చుకున్నప్పుడు మాకు తక్కువతనం అనిపియ్యలే. ఇద్దరూ చెమటోడ్చేటోళ్లే, పక్కపక్కన కూసున్నరు. ఇక్కడ ఒకడు ఇచ్చేటోడు, ఒకడు చెయ్యి చాపేటోడు. అక్షరం అదే, కూసున్న జాగలే వేరు.

గిప్పుడు ఏం చెయ్యాలె? సినిమాలు బంద్ చేయుండ్రి, పోస్టర్లు చింపుండ్రి అని మేం చెప్పం. అట్ల చెప్తే మన పిల్లలే ఇనరు, ఇనొద్దు గూడ. చూడుండ్రి. చూసినంక అంబేద్కర్ విగ్రహం గద్దె మీద కూసొని మాట్లాడుకోండ్రి. ఈ కథల మన మనిషి ఎవరు? వాడు ఎవని కోసం బతుకుతుండు? వాడు చచ్చినా బతికినా ఎవనికి పేరొచ్చింది? వాడు వద్దు అన్న మాట ఒక్కసారన్న అన్నడా? ఈ నాలుగు అడిగితే చాలు. సంఘం పని చేసేటోళ్లకు ఇంకో మాట. రాత్రి మీటింగుల ఉపన్యాసం ముందు "మా భూమి" ఏసి చూపెట్టుండ్రి. సినిమా అయినంక ముసలోళ్లను మాట్లాడనియ్యుండ్రి. ఆనాడు వాడకు ఎంత భూమి వచ్చింది, ఎంత మల్ల పోయింది, వాళ్ల నోటనే చెప్పనీయుండ్రి. చదువుకున్న పిల్లలు రాసుకోండ్రి. ఆ ముసలోళ్లు పోతే ఆ పుస్తకం పోయినట్టే.

రాసేటోళ్లు మనకు లేరా? అప్పటి నల్లగొండ జిల్లా పంతంగి నుంచి బోయ జంగయ్య "జాతర", "జగడం" నవలలు రాసి పోయిండు. వేముల ఎల్లయ్య 2000ల "కక్క" రాసిండు, మాదిగ బతుకును మాదిగ మాటల్లనే. ఆ పుస్తకాలు ఎన్ని వాడలల్ల ఉన్నయ్? కట్టప్ప బొమ్మున్న టీ షర్టు కొన్న చేతులు "కక్క"ను కొన్నయా? తెర మీదికి ఎక్కియ్యనోళ్లను తిట్టేముందు, మన ఇండ్ల గూట్లె పెట్టుకున్నమా అని మనల్ని మనం అడుగుదాం.

ఆఖరికి గద్వాల ముచ్చటతోనే ముగిస్తం. అరుంధతి సినిమాల గద్వాల కోటలకు పోవాలంటే రాజు బిడ్డగ పుట్టాలె, లేకుంటే దయ్యమై తిరగాలె. అసలు గద్వాల కోటల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద సర్కారు డిగ్రీ కాలేజి పెట్టిండ్రు. ఒకప్పుడు చెప్పులు చేతుల పట్టుకొని దూరం నుంచి దండం పెట్టిన వాడల పిల్లలు, చెప్పులేసుకొని, సంకల పుస్తకాలు పెట్టుకొని ఆ కోట దర్వాజల నుంచి లోపలికి నడిచిండ్రు. వాళ్లకు మళ్లీ పుట్టే పని పడలే. ఎవని పాదమూ నెత్తిన పెట్టుకోలే. అడ్మిషన్ కాగితం ఒక్కటి చేతుల ఉన్నది, దాని ఎనక బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగం ఉన్నది. కోట్లు పెట్టి తీసిన ఏ సినిమా ఊహించని సీను ఇది.

ఆ పెండ్లిల నవ్విన తమ్ముడూ! ఈ పత్రిక నీ చేతికి వస్తే ఒక్క మాట. నువ్వు కారు నడుపు, జీతం తీసుకో, పని మంచిగ చెయ్యి. గాని రేపు ఎవడన్న "మా కట్టప్ప" అంటే నవ్వకు. నాకు మా అమ్మ పెట్టిన పేరున్నది, ఆ పేరుతోని పిలువు అని చెప్పు. కట్టప్ప అనలేని మాట నువ్వు అన్ననాడు, అసలు కథ మొదలైతది.

జై భీమ్!